‘ఖైదీ’ (1983): అప్పు, ఠాణా, అడవి – నెల్లూరు తీరం నుంచి ఒక పునఃపరిశీలన

వ్యాససంగ్రహం: నెల్లూరు జిల్లా మైపాడుకు చెందిన దర్శకుడు ఎ. కోదండరామిరెడ్డి రూపొందించిన ‘ఖైదీ’, చట్టానికి వెలియైన కథానాయకుణ్ణి తెలుగు జనప్రియ సినిమాలో స్థిరపరచిన చిత్రాలలో ముఖ్యమైనది. నాలుగు దశాబ్దాల తరువాత అందులో ఏది నిలిచింది, ఏది పాతబడింది అనే ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ‘ఫస్ట్ బ్లడ్’ నుంచి తెచ్చుకున్న చట్రంలో తెలుగు పల్లె అప్పుల కథను కూర్చడం ఆ చిత్రపు బలం. స్త్రీలను కథానాయకుడి పగకు కారణాలుగా మాత్రమే మిగల్చడం, ఊరిని మౌనంగా ఉంచడం దాని లోపాలు. అదే తీరంలో చట్టమే పుట్టుకను బట్టి నేరముద్ర వేసిన జనం ఈ రకపు చిత్రాల ఊహలోకి ఎందుకు రాలేదన్నది వ్యాసం చివర ఎదురయ్యే ప్రశ్న.

కీలకపదాలు: ఖైదీ, కోదండరామిరెడ్డి, చిరంజీవి, సామాజిక బందిపోటు, గ్రామీణ ఋణం, నేరస్థ తెగల చట్టం, కావలి, స్టూవర్టుపురం.

1. పేరులోని తేడా

తెలుగు సినిమా శీర్షికలలో దొంగకు కొరత లేదు. ‘దొంగరాముడు’ (1955), ‘బందిపోటు’ (1963), ‘మోసగాళ్ళకు మోసగాడు’ (1971), ‘గజదొంగ’ (1981), ‘అడవిదొంగ’ (1985), ‘కొండవీటి దొంగ’ (1990) – ఈ వరుసను ఇంకా పొడిగించవచ్చు. ఈ పేర్లన్నీ మనిషిని అతడు చేసిన పనితో గుర్తిస్తాయి. దోచినవాడు బందిపోటు, మోసగించినవాడు మోసగాడు. ‘ఖైదీ’ అనే మాట వేరు. అది ఆ మనిషి ఏం చేశాడో చెప్పదు. అతనికి ఏం జరిగిందో, ఎవరి చేతిలో ఉన్నాడో మాత్రం చెబుతుంది. 1983 అక్టోబరు 28న విడుదలైన చిత్రానికి ఈ పేరు యాదృచ్ఛికంగా కుదిరి ఉండవచ్చు గాని, చిత్రంలో ఈనాటికీ చెక్కుచెదరని అంశమేదో ఆ పేరే సూచిస్తున్నది. కథానాయకుడు సూర్యం నేరస్థుడిగా మొదలు కాడు, పట్టుబడినవాడిగా మొదలవుతాడు. అతని నేరమేమిటన్నది ఆ తరువాతి ప్రశ్న.

సంయుక్తా మూవీస్ పతాకంపై వచ్చిన ఈ చిత్రానికి పరుచూరి సోదరుల రచన, చక్రవర్తి సంగీతం, వేటూరి పాటలు ఉన్నాయి. చిరంజీవి సరసన మాధవి, సుమలత నటించగా, రావు గోపాలరావు భూస్వామి వీరభద్రయ్య పాత్ర ధరించారు. 1978లో ‘ప్రాణం ఖరీదు’తో తెరకు వచ్చి అయిదేళ్ళపాటు రకరకాల పాత్రలు వేసిన నటుణ్ణి అగ్రశ్రేణికి చేర్చిన చిత్రంగా ‘ఖైదీ’కి చరిత్రలో స్థానముంది. ఈ కీర్తి ఒక విధంగా చిత్రానికి అన్యాయం చేసింది. తారాచరిత్రలో ఒక మలుపుగా దానిని ఎంత తరచుగా ప్రస్తావిస్తారో, ఒక కథగా, ఒక వాదంగా అంత అరుదుగా పరిశీలిస్తారు. ఎస్.వి. శ్రీనివాస్ 2009లో వెలువరించిన ‘మెగాస్టార్’ గ్రంథం చిరంజీవి తారాస్థాయిని, అభిమానుల ప్రపంచాన్ని శాస్త్రీయంగా అధ్యయనం చేసి ఈ రంగంలో గట్టి పునాది వేసింది. ఆ పునాదిపై నిలబడి అడగవలసిన మరొక ప్రశ్న: తారను పక్కన పెడితే చిత్రంలో మిగిలేదేమిటి?

2. మైపాడు నుంచి మూడు మెట్లు

పెన్న డెల్టా బంగాళాఖాతాన్ని తాకేచోట, ఇందుకూరుపేట మండలంలో ఉన్న ఊరు మైపాడు. కోదండరామిరెడ్డి స్వగ్రామం అదే. ‘ఖైదీ’ కథను చిత్రం ఆ తీరానికి ముడిపెట్టలేదు. అందులోని పల్లె ఏ జిల్లాకూ చెందని సాధారణ తెలుగు పల్లె. అయితే దర్శకుని పుట్టినచోటు నుంచి చిత్రాన్ని చూడడం వల్ల ఒక ప్రయోజనముంది. నేల, నీరు, అప్పు, నేరముద్ర అనే నాలుగూ ఒకదానితో ఒకటి ముడిపడిన ప్రాంతమిది. చిత్రం ఏది పట్టుకున్నదో, ఏది వదిలేసిందో ఇక్కడి నుంచి చూస్తే స్పష్టంగా తెలుస్తుంది.

వి. మధుసూదనరావు వద్ద పని నేర్చుకుని ‘సంధ్య’ (1980)తో దర్శకుడైన కోదండరామిరెడ్డి, చిరంజీవితో తీసిన తొలి చిత్రం ‘న్యాయం కావాలి’ (1981). వంచితురాలైన స్త్రీ న్యాయస్థానాన్ని ఆశ్రయించే కథ అది. 1983 మార్చిలో, అంటే ‘ఖైదీ’కి ఏడు నెలల ముందు, యండమూరి వీరేంద్రనాథ్ నవల ఆధారంగా ‘అభిలాష’ తీశారు. మరణశిక్ష రద్దు కావాలని కలగనే యువ న్యాయవాది తానే ఉరికంబం నీడలోకి వెళ్ళే కథ ఇది. ‘బచన్ సింగ్’ కేసులో 1980లో సుప్రీంకోర్టు మరణశిక్షను ‘అత్యంత అరుదైన’ సందర్భాలకు పరిమితం చేసింది. 1983 ఏప్రిల్‌లో ‘మిఠూ’ కేసులో శిక్షాస్మృతిలోని 303వ సెక్షన్‌ను కొట్టివేసింది. కాబట్టి ‘అభిలాష’ ఇతివృత్తం ఆనాటి చట్టచర్చకు దూరమైనదేమీ కాదు.

ఈ మూడు చిత్రాలను వరుసగా పేర్చి చూసినవారికి ఒక క్రమం కనిపిస్తుంది. మొదటిదానిలో కథానాయిక న్యాయస్థానం మెట్లెక్కుతుంది. రెండవదానిలో కథానాయకుడు చట్టం లోపలే ఉండి దాని తప్పును నిరూపించబోతాడు. మూడవదానిలో కోర్టు దాదాపుగా అదృశ్యమై ఠాణా మాత్రమే మిగులుతుంది. రెండున్నరేళ్ళ వ్యవధిలో ఒకే దర్శకుడు, ఒకే నటుడు న్యాయస్థానం నుంచి అడవికి నడిచారు. ఇది దర్శకుని ప్రణాళిక అనడానికి ఆధారాలు అవసరం లేదు, అలా అనడమూ లేదు. మూడూ వేర్వేరు రచయితల కథలు, వేర్వేరు నిర్మాతల పెట్టుబడులు. అయినా ప్రేక్షకుడు వాటిని ఆ వరుసలోనే చూశాడు, అన్నిటికంటే బిగ్గరగా మూడవదానికే చప్పట్లు కొట్టాడు. ఆ చప్పట్లే విమర్శకుడికి కావలసిన ఆధారం.

3. అరువు చట్రం, సొంత కథ

‘ఖైదీ’ ప్రారంభ ఘట్టాలకు ‘ఫస్ట్ బ్లడ్’ (1982) ప్రేరణ అన్నది అందరికీ తెలిసిన విషయమే. డేవిడ్ మోరెల్ 1972 నవల ఆధారంగా టెడ్ కాచెఫ్ దర్శకత్వం వహించిన ఆ అమెరికన్ చిత్రంలో వియత్నాం యుద్ధం నుంచి తిరిగివచ్చిన జాన్ రాంబో ఒక చిన్న పట్టణంలో అడుగుపెడతాడు. దేశదిమ్మరి అని షెరీఫ్ అతణ్ణి ఊరి పొలిమేర దాకా దింపివస్తాడు. అతడు తిరిగి ఊరివైపు నడవడమే నేరమవుతుంది. ఠాణాలో నీటిగొట్టంతో కొట్టి, బలవంతంగా గడ్డం గీయబోతే, శత్రుశిబిరంలో అనుభవించిన చిత్రహింస గుర్తుకొచ్చి అతడు తిరగబడతాడు.

అనుకరణ అనగానే చర్చ ముగిసినట్టు భావించడం తెలుగు సినిమా విమర్శలో పాత అలవాటు. ఏది తీసుకున్నారన్నదానికన్నా ఏది మార్చారన్నది విలువైన ప్రశ్న. రెండు చిత్రాలలోనూ ఠాణా పోరాటముంది, పరారీ ఉంది, వెంటాడే పోలీసులున్నారు. కాని ‘ఫస్ట్ బ్లడ్’లో గాయం ఠాణాలోనే తగులుతుంది. యుద్ధం పాత గాయమే అయినా, దాన్ని మళ్ళీ రేపింది ఠాణా. ‘ఖైదీ’లో ఠాణా గాయం కాదు, గాయం ఎక్కడో ఉందని చెప్పే గుర్తు మాత్రమే. పరారైన సూర్యానికి డాక్టర్ సుజాత ఆశ్రయమిస్తుంది. అక్కడి నుంచి చిత్రం గతంలోకి వెళుతుంది. గతంలో ఒక రైతు కుటుంబం, ఒక అప్పు, భూస్వామి వీరభద్రయ్య, అతని కూతురు మధులతతో ప్రేమ, తండ్రి మరణం, తోబుట్టువు మరణం, మోపబడిన నేరం ఉన్నాయి. రాంబో తన కథను చివర్లో, తన పాత కల్నల్ ముందు కన్నీళ్ళతో చెప్పుకుంటాడు. తనకేమైందో తనకే పూర్తిగా అర్థంకాని మనిషి మాట అది. సూర్యం కథ నడిమధ్యలో, పూర్తి వివరాలతో, కార్యకారణ సంబంధంతో వస్తుంది. తనను నేరస్థుణ్ణి చేసింది ఎవరో అతనికి స్పష్టంగా తెలుసు, ఆ మనిషికి పేరుంది, ఇల్లుంది.

ఈ మార్పు సామాన్యమైనది కాదు. అమెరికన్ చిత్రంలోని రోగం మనసులో ఉంటే, తెలుగు చిత్రంలోని రోగం లెక్కల పుస్తకంలో ఉంది. అప్పు మీద అప్పు పెరిగి, భూమి చేజారి, మనిషి చట్టం ముందు దోషిగా నిలబడే క్రమాన్ని చిత్రం అరువు చట్రంలోకి ఇమిడ్చింది. ఈనాడు చూసినప్పుడు ఠాణా పోరాటంలోని దెబ్బల శబ్దాలు, జూమ్‌లు పాతబడినట్టు అనిపించవచ్చు. నలభై ఏళ్ళ సాంకేతిక మార్పును తట్టుకోవాలని ఏ పోరాట దృశ్యాన్నీ అడగనవసరం లేదు. పాతబడనిది ఆ క్రమం.

4. అప్పు ఎందుకు పాతబడలేదు

‘ఖైదీ’ విడుదలయ్యేనాటికి ఆంధ్రప్రదేశ్‌లో చట్టాలకు లోటు లేదు. 1973 నాటి వ్యవసాయ భూకమతాల గరిష్ఠ పరిమితి చట్టం 1975 జనవరి నుంచి అమలులో ఉంది. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది. చిన్న రైతుల, కూలీల, వృత్తిదారుల అప్పులకు విముక్తి కలిగించేందుకు 1977లో రాష్ట్ర వ్యవసాయ ఋణవిముక్తి చట్టం చేశారు. వీరభద్రయ్య ఊళ్ళో వీటిలో ఏదీ ఉన్నట్టు కనిపించదు. ఇది రచయితల అజ్ఞానమని చెప్పడం తేలిక. కాని చట్టం పుస్తకంలో ఉండి ఊళ్ళో లేకపోవడమే ఆనాటి వాస్తవమని గుర్తుంచుకుంటే, చిత్రం తెలియకుండానే నిజం చెప్పిందనాలి. సూర్యం చట్టానికి వెలి కావడానికి ముందే చట్టం ఆ ఊరికి వెలియై ఉంది.

ఆ తరువాత భూస్వామి రూపం మారింది. తెల్లపంచె, ఉత్తరీయం, నోట్లో తీయని మాట, చేతిలో ఊరి పెత్తనం – ‘ముత్యాలముగ్గు’ (1975) నుంచి రావు గోపాలరావు పెంచుకుంటూ వచ్చిన ఆ మాటకారి ప్రతినాయకుడు ఈనాటి పల్లెలో అదే వేషంలో కనిపించడు. అప్పు మాత్రం కనిపిస్తుంది. దర్శకుని సొంత తీరమే దీనికి ఉదాహరణ. 1980ల చివరినుంచి నెల్లూరు తీరంలో వరిమళ్ళు, బీడునేలలు రొయ్యల గుంటలుగా మారాయి. 1990ల మధ్యలో వచ్చిన తెల్లమచ్చ వైరస్ ఎందరో సాగుదారులను నేలకరిపించింది. 1996 డిసెంబరు 11న ఎస్. జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు తీర నియంత్రణ మండలిలో రొయ్యల పరిశ్రమపై కఠినమైన తీర్పు ఇచ్చింది. ఈ క్రమంలో సాగుదారుడు అప్పు పడేది పాత పెత్తందారుకు కాదు. పిల్ల అరువు, మేత అరువు, మందుల అరువు. పట్టుబడి నాడు సరుకు ఎవరికి ఏ ధరకు ఇవ్వాలో ఆ అరువే నిర్ణయిస్తుంది. వడ్డీ లెక్క రాసే చెయ్యి మారింది గాని, రాయించుకునే చెయ్యి మారలేదు.

కౌలుదారుల విషయమూ అంతే. 2011 నాటి సాగుదారుల చట్టం, ఆంధ్రప్రదేశ్ 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం వారిని గుర్తించే ప్రయత్నాలే. రెండవదానిలో పదకొండు నెలల ఒప్పందంపై భూయజమాని సంతకం అవసరం. ఆ సంతకం దొరకని కౌలుదారుకు బ్యాంకు తలుపు తెరుచుకోదు. అతడు వెళ్ళవలసింది మళ్ళీ ప్రైవేటు అప్పుకే. చిత్రంలోని తండ్రి నిస్సహాయతకు ఇప్పటికీ పునాది ఉందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అవసరం లేదు.

ఇదే నటుడు ఇదే పేరును మళ్ళీ ధరించి 2017 జనవరిలో ‘ఖైదీ నెం. 150’గా వచ్చినప్పుడు కథ రైతు ఆత్మహత్యల చుట్టూ, కంపెనీ భూసేకరణ చుట్టూ తిరగడం గమనార్హం. తమిళ ‘కత్తి’ (2014)కి పునర్నిర్మాణమైనా, ‘ఖైదీ’ అన్న పేరు వినగానే తెలుగు ప్రేక్షకుడి స్మృతిలో భూమి పోగొట్టుకున్న రైతు మెదలుతాడన్న నమ్మకం ఆ శీర్షికలో ఉంది. నడుమ 1988లో విజయ బాపినీడు దర్శకత్వంలో ‘ఖైదీ నెం. 786’ వచ్చింది. 2019లో తమిళ ‘కైతి’ కూడా తెలుగులో ‘ఖైదీ’ పేరుతోనే విడుదలైంది. నేరస్థుణ్ణి సూచించే మాట ఇంత గౌరవాన్ని సంపాదించుకోవడం భాషాచరిత్రలో చిన్న వింతే.

5. బందిపోటుకు ఊరు ఏది?

ఎరిక్ హాబ్స్‌బామ్ ‘బాండిట్స్’ (1969) గ్రంథంలో ప్రతిపాదించిన ‘సామాజిక బందిపోటు’ భావన ఇటువంటి చిత్రాల చర్చలో తరచు వినబడుతుంది. ఆ భావన ప్రకారం ఉదాత్త బందిపోటు తనకు జరిగిన అన్యాయంతో చట్టానికి దూరమవుతాడు. ఉన్నవాడి నుంచి తీసుకుని లేనివాడికి ఇస్తాడు. ఆత్మరక్షణకో న్యాయమైన ప్రతీకారానికో తప్ప చంపడు. అన్నిటికన్నా ముఖ్యంగా, ప్రజలు అతణ్ణి దాస్తారు, అన్నం పెడతారు. బందిపోటును భూస్వాములే వాడుకున్న సందర్భాలు ఎక్కువని ఆంటన్ బ్లాక్ 1972లో విమర్శించినా, కథల్లో, పాటల్లో బతికే బందిపోటు విషయంలో హాబ్స్‌బామ్ గీసిన రూపానికి ఇప్పటికీ విలువ ఉంది.

సూర్యానికి ఈ కొలబద్ద పెడితే మొదటి లక్షణం సంపూర్ణంగా సరిపోతుంది. ప్రతీకార లక్షణమూ సరిపోతుంది. మిగిలినవి సరిపోవు. అతడు ఎవరికీ ఏదీ పంచడు. అతణ్ణి దాచేది ఊరు కాదు, ఒక డాక్టరు. ఈ చిన్న విషయం చిత్రం రాజకీయాలను బయటపెడుతుంది. 1960ల చివరలో శ్రీకాకుళం అడవుల్లో ఏం జరిగిందో ఎరిగిన రాష్ట్రంలో, భూస్వామికి ఎదురుతిరిగి అడవి పట్టిన మనిషికి అన్నంపెట్టే గుడిసె తెరపై కనిపిస్తే కథ మరోలా మారుతుంది. ఆ గుడిసె స్థానంలో చదువుకున్న వృత్తి నిపుణురాలి ఇల్లు రావడంతో తిరుగుబాటు ఒక మనిషి సొంత గాయంగా మారి, వైద్యం అవసరమైన విషయంగా మిగులుతుంది. మధ్యతరగతి ప్రేక్షకుడు సుజాత కళ్ళతో సూర్యాన్ని చూస్తాడు, జాలిపడతాడు, క్షమిస్తాడు. సూర్యంతోపాటు వీరభద్రయ్యకు బాకీపడిన మిగతా కుటుంబాల సంగతి అడగడు. ఒకే పెత్తందారు కింద ఒకే ఒక్క బాకీదారు ఉండడం ఏ ఊళ్ళోనూ జరగదు.

ఇదే దర్శకుడు, ఇదే నటుడు 1990లో తీసిన ‘కొండవీటి దొంగ’లో గూడెం ఉంది, గూడెం పక్షాన నిలిచే ముసుగు దొంగ ఉన్నాడు, అంటే హాబ్స్‌బామ్ లక్షణాలు ఎక్కువే ఉన్నాయి. విచిత్రమేమంటే ఆ చిత్రం వినోదంగా నిలిచింది గాని, ‘ఖైదీ’ మొదటి గంటలోని ఉక్కపోత దానికి రాలేదు. లక్షణాలన్నీ కలిగిన బందిపోటు బొమ్మగా మారితే, లక్షణాలు సగమే ఉన్న సూర్యం మనిషిగా మిగిలాడు. కొలబద్ద విలువ ఎంతవరకో దీన్నిబట్టి తెలుస్తుంది.

నెల్లూరు జిల్లాకే చెందిన మరో దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్ ఇక్కడ ప్రస్తావనార్హుడు. 1971లో కృష్ణ కథానాయకుడిగా ‘మోసగాళ్ళకు మోసగాడు’ను రూపొందించి తెలుగులో కౌబాయ్ చిత్రానికి బాట వేసింది ఆయనే. ఆరుద్ర రచన చేసిన ఆ చిత్రం రాజస్థాన్ ఎడారిలో ఇటాలియన్ వెస్టర్న్‌ల పద్ధతిలో సాగుతుంది. 2023 మే 31న నవీకరించిన ప్రతితో మళ్ళీ థియేటర్లకు వచ్చినప్పుడు అది పండుగలా సాగింది. దానిని చూడడంలోని ఆనందం ఈనాటికీ నిర్మలమైనదే, ఎందుకంటే అది ఎవరి బతుకూ తనదని చెప్పుకోదు. 1984లో ‘ఖైదీ’ని కన్నడంలో విష్ణువర్ధన్‌తో తీసిందీ ఈ దాసే. అదే ఏడాది హిందీలో జితేంద్రతో ‘ఖైదీ’ వచ్చింది. వ్యవధి లేకుండా భాషలు దాటడానికి కారణం ఠాణా పోరాటమా, అప్పు కథా అన్నది విడిగా పరిశోధించదగిన విషయం.

6. నిలవని భాగం

చిత్రంలో నిస్సందేహంగా పాతబడినది స్త్రీల చిత్రణ. ముగ్గురు స్త్రీలున్నారు. ఒకరు తోబుట్టువు, ఆమె మరణం కథానాయకుడి పగకు బలం. మరొకరు మధులత, ఆమె ప్రేమ భూస్వామి కోపానికి కారణం. మూడవవారు సుజాత, ఆమె దయ కథ చెప్పడానికి సందర్భం. ముగ్గురూ కథకు అవసరమే, ముగ్గురిలో ఎవరికీ సొంత కథ లేదు. మాధవి, చిరంజీవి నాగజంటగా ఆడిన పాట చిత్రం మొత్తంలోకెల్లా ఎక్కువగా జనస్మృతిలో నిలిచింది. దాని శిల్పం గొప్పదే. అయితే కథలో తండ్రి అప్పు బిగుసుకుంటున్న క్రమాన్ని ఆ పాట పూర్తిగా మరపిస్తుంది. ప్రేక్షకుడు ఇంటికి తీసుకువెళ్ళింది పాటనే, అప్పును కాదు.

ఆనాటి కాలాన్ని చూసి క్షమించాలన్న వాదం ఇక్కడ సరిపడదు. 1978లో హైదరాబాదులో రమీజాబీ ఉదంతంపై రాష్ట్రమంతా భగ్గుమంది. మథుర కేసు తీర్పుపై దేశవ్యాప్తంగా స్త్రీలు చేసిన ఆందోళన ఫలితంగా, ‘ఖైదీ’ విడుదలైన 1983లోనే క్రిమినల్ చట్ట సవరణ వచ్చి పోలీసు నిర్బంధంలోని అత్యాచారాన్ని ప్రత్యేక నేరంగా గుర్తించింది. అంటే స్త్రీ దేహంపై జరిగే నేరం, ఠాణా గోడల మధ్య జరిగే నేరం ఆ ఏడాది చట్టసభల్లో, వీధుల్లో చర్చలో ఉన్న విషయాలు. ఠాణాను కథకు ముఖద్వారంగా పెట్టుకున్న చిత్రం ఆ చర్చకు చెవి ఒగ్గలేదు.

మరో ఎనిమిదేళ్ళకు, ఇదే నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలోని దూబగుంటలో అక్షరదీపం తరగతులకు వచ్చిన స్త్రీలు సారా దుకాణాన్ని మూయించారు. రోసమ్మ పేరుతో ప్రసిద్ధమైన ఆ ఉద్యమం జిల్లా దాటి రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధానికి దారితీసింది. వాళ్ళు సారా కాంట్రాక్టర్లను, పోలీసులను, ప్రభుత్వ ఆదాయాన్ని ఒకేసారి ఎదిరించారు. అంటే వీరభద్రయ్య వంటి బలాన్నే ఎదిరించారు. అడవికి వెళ్ళలేదు, ఊళ్ళోనే నిలబడ్డారు. తెలుగు జనప్రియ సినిమాకు వారు సరైన కథానాయికలుగా తోచకపోవడం ‘ఖైదీ’ నేర్పిన పాఠానికి ఒక దుష్ఫలితం. ఒంటరి మగవాడి పగ తప్ప మరో తిరుగుబాటు తెరకు సరిపోదన్నదే ఆ పాఠం.

7. ఠాణా ఎవరి వైపు?

‘ఖైదీ’లో ప్రేక్షకుడు ఠాణాలో దెబ్బలు తింటున్నవాడి వైపు ఉంటాడు. ఇది ఇప్పుడు చూస్తే ఆశ్చర్యం కలిగిస్తుంది. 2006లో ‘పోకిరి’ వచ్చేసరికి, చిత్రమంతా కిరాయి హంతకుడిగా తిరిగిన కథానాయకుడు చివరకు రహస్య పోలీసు అధికారిగా తేలుతాడు. అతని హత్యలన్నిటికీ అక్కడితో అధికార ముద్ర పడుతుంది. ఆ తరువాతి పోలీసు కథానాయకుల వరుసలో ఠాణా దెబ్బ వినోదంగా, హాస్యంగా మారింది. 2019 డిసెంబరు 6న హైదరాబాదు సమీపంలో నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో మరణించినప్పుడు జనం పూలు చల్లారు. ఆ కాల్పులు ఉద్దేశపూర్వకమైనవని జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ 2022లో తేల్చింది. సినిమా దానికి కారణమని అనడం తొందరపాటు. కాని 1983లో నిందితుని వైపు నిలిచిన ప్రేక్షకుడి వారసులు ఏ దారిన ఈ చోటికి చేరారో తెలుసుకోవాలంటే ‘ఖైదీ’ని మళ్ళీ చూడడం అవసరం. అరెస్టు సమయంలో పాటించవలసిన నియమాలను సుప్రీంకోర్టు డి.కె. బసు కేసులో 1996లో నిర్దేశించింది. ఆ తీర్పుకు పదమూడేళ్ళ ముందే, అనుమానం మీద తెచ్చిన మనిషికి కూడా ఒక కథ ఉంటుందని ఈ వాణిజ్య చిత్రం పట్టుబట్టింది. దాని రాజకీయ పరిమితులన్నీ ఒప్పుకున్న తరువాత కూడా ఈ ఒక్క ఘనత దానికి దక్కాలి.

అయితే ఆ కథ ఎవరికి ఉంటుంది? ఈ ప్రశ్న దగ్గర నెల్లూరు తీరం చిత్రానికి అడ్డు నిలుస్తుంది.

మైపాడుకు ఉత్తరాన, అదే తీరం వెంట ఉన్న పట్టణం కావలి. నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజధానికి విస్తరించిన తరువాత, ఎరుకల కుటుంబాలను నిర్బంధించి ఉంచేందుకు అమెరికన్ బాప్టిస్టు మిషన్ నిర్వహణలో కావలిలో ఒక సెటిల్‌మెంటు వెలిసింది. తీరం వెంట ఇంకా ఉత్తరాన, ఇప్పటి బాపట్ల జిల్లాలో, 1913లో సాల్వేషన్ ఆర్మీ ఆధ్వర్యంలో స్టూవర్టుపురం ఏర్పడింది. అక్కడ చేరిన మనిషి చేసిన నేరంతో నిమిత్తం లేదు. పుట్టుకే నేరం, హాజరు పుస్తకమే సాక్ష్యం. మద్రాసు ప్రభుత్వం 1947లో ఆ చట్టాన్ని రద్దుచేసింది. దేశమంతటా 1952లో రద్దయింది. ఆ వెంటనే అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో అటువంటిది 1962లో చేశారు. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 109, 110 సెక్షన్లు అనుమానితుణ్ణి, అలవాటు నేరస్థుణ్ణి పూచీకత్తు కోసం పట్టుకురావడానికి వీలు కల్పించాయి. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ ఆ తరహా నిబంధనలున్నాయి. ఏ నేరమూ రుజువు కాకుండానే ఖైదీ అయిన మనిషి ఈ తీరంలో కల్పన కాదు.

‘ఖైదీ’ వంటి చిత్రంలో ఆ మనిషికి చోటు దొరకదు. సూర్యానికి దొరికిన క్షమ ఒక షరతు మీద దొరికింది. అతనికి ముందు ఒక భూమి ఉండాలి, గౌరవమున్న ఇల్లు ఉండాలి, వాటిని ఎవరో లాక్కోవాలి. గతంలోకి వెళితే కనిపించేది మంచి రోజులు కావాలి. పోగొట్టుకోవడానికి ఏదీ లేకుండా పుట్టినవాడికి చూపడానికి అటువంటి గతం ఉండదు. అతని గతంలోకి వెళితే మళ్ళీ ఠాణాయే కనిపిస్తుంది. భూమి పోగొట్టుకున్న రైతుబిడ్డ తిరగబడితే వీరుడు, భూమే లేనివాడు తిరగబడితే ‘అలవాటు నేరస్థుడు’. ఈ విభజన ‘ఖైదీ’ రచయితలు చేసింది కాదు, చట్టం చేసింది. చిత్రం దానిని ప్రశ్నించకుండా వాడుకుంది.

దీనికి రుజువు వెతుక్కోవలసిన పని లేదు. 1983లో ఠాణా గోడలను బద్దలుకొట్టుకుని బయటపడ్డ నటుడే 1991 జనవరిలో యండమూరి దర్శకత్వంలో ‘స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్’లో నటించాడు. ఊరు పేరే శీర్షికలోకి వచ్చిన ఆ చిత్రంలో అతడు పోలీసు అధికారి. పల్లె సాధారణ తెలుగు పల్లె అయినప్పుడు ఖైదీగా ఉన్న కథానాయకుడు, పల్లె స్టూవర్టుపురం కాగానే యూనిఫాం తొడుక్కున్నాడు. 2023 అక్టోబరులో రవితేజ కథానాయకుడిగా ‘టైగర్ నాగేశ్వరరావు’ వచ్చేసరికి ఆ ఊరి దొంగకు కూడా కథానాయకుడి స్థానం దక్కింది. నలభై ఏళ్ళ క్రితం సూర్యానికి అందిన అవకాశం ఇన్నాళ్ళకు అతనికి అందిందనుకోవచ్చు. కాని ఆ చిత్రం ప్రచారంలో తమ సమాజాన్ని, తమ ఊరిని చూపిన తీరుపై ఎరుకల ప్రతినిధులు విడుదలకు ముందే హైకోర్టును ఆశ్రయించారు. ‘ఖైదీ’ అన్న పేరును ఒక నటుడు మూడు దశాబ్దాల తరువాత కూడా బిరుదులా మళ్ళీ తగిలించుకున్నాడు. ఆ తీరపు గ్రామం మాత్రం తన పేరు తెరమీదికి రాకపోతే చాలునని న్యాయస్థానం తలుపు తట్టవలసి వచ్చింది.